చిన్న డ్రమ్ సెట్టుకు జాజ్ నాదం: మన హాళ్లలో, మన ఉప్పుగాలిలో

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల పాటకచేరీ బృందాల్లో డ్రమ్ సెట్టును ‘జాజ్’ అనడం ఇప్పటికీ వినిపిస్తుంది. కీబోర్డు ఒకరు, ప్యాడ్ ఒకరు, జాజ్ ఒకరు అని లెక్క చెబుతారు. ఆ పేరు అన్యాయంగా వచ్చింది కాదు. కాలితో ఒక డ్రమ్మునూ చేతులతో మిగతా డ్రమ్ములనూ తాళాలనూ ఒక్క మనిషే వాయించే పద్ధతి అమెరికాలో జాజ్ సంగీతంతోపాటే స్థిరపడింది. అయితే మన కల్యాణమండపాల్లో, చర్చి హాళ్లలో ఆ సెట్టు నుంచి వచ్చే మోతకు జాజ్‌తో పోలిక లేదు. కాలితో వాయించే బేస్ డ్రమ్ములో దిండు ఉంటుంది, దాని ముందు స్కిన్‌కు, అంటే బిగించిన పొరకు, పెద్ద కన్నం ఉంటుంది. చేత్తో కొట్టే టామ్ డ్రమ్ముల మీద ప్లాస్టరు ముక్కలు అతికించి, కింది స్కిన్‌లు వదులుగా వదిలేస్తారు. కొడితే ‘దబ్’మని పడి అక్కడే ఆగుతుంది. సినిమా పాటకు, మైకు దగ్గరగా పెట్టిన కచేరీకి అది సరిపోతుంది. జాజ్‌కు మాత్రం స్కిన్‌లు బిగువుగా ఉండాలి, లోపల అడ్డు ఉండకూడదు, ప్రతి డ్రమ్ముకూ తనదైన స్వరం ఉండాలి, దెబ్బ పడ్డాక ఆ స్వరం కాసేపు నిలిచి సన్నగా ఆరిపోవాలి.

ఇందుకు కారణం వాయించే తీరులోనే ఉంది. జాజ్‌లో కాలం నడిపేది రైడ్ సింబల్ అనే పెద్ద తాళం. డ్రమ్ములు మధ్యమధ్య మాట కలుపుతాయి. బేస్ డ్రమ్మును నాలుగు మాత్రలకూ వినీవినబడనంత మెత్తగా తాకుతారు. చేతులు చాలాసేపు కర్రల బదులు వాడే సన్నని తీగల బ్రష్‌ల మీదే ఉంటాయి. ఇంత మెల్లని దెబ్బకు పలకాలంటే స్కిన్ బిగువుగా, స్వేచ్ఛగా ఉండాలి. గుడ్డ కప్పిన డ్రమ్ము గట్టిగా కొడితేనే పలుకుతుంది, మెల్లగా కొడితే అట్టపెట్టె తట్టినట్టు ఉంటుంది. ఇంకో కారణం, పక్కనే నిలువు బేస్ అనే పెద్ద తీగవాద్యం ఉంటుంది. దాని అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బేస్ డ్రమ్ము కూడా అక్కడికే దిగితే రెండూ కలిసి బురదవుతాయి. అందుకే జాజ్ బేస్ డ్రమ్మును ఒక మెట్టు పైకి చేర్చి, బేస్ వాద్యానికి దారి వదులుతారు.

ఎంత సెట్టు కావాలి

1930ల పెద్ద బ్యాండ్లలో బేస్ డ్రమ్ములు 26, 28 అంగుళాలవి ఉండేవి. నలుగురైదుగురి బృందాలు చిన్న క్లబ్బుల్లో వాయించే కాలం వచ్చాక సెట్టు కుదించుకుపోయింది. 1950ల చివరికి, 1960లలో 18 అంగుళాల బేస్ డ్రమ్ము, 12 అంగుళాల టామ్, 14 అంగుళాల ఫ్లోర్ టామ్, 14 అంగుళాల స్నేర్ (అడుగున తీగలు ఉండే డ్రమ్ము) అన్న కొలతలు జాజ్‌కు గుర్తుగా నిలిచిపోయాయి. 1963లో 17 ఏళ్ల వయసులో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో చేరిన టోనీ విలియమ్స్, శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ పక్కన వాయించిన ఎల్విన్ జోన్స్ ఈ చిన్న సెట్టు ఎంత పలకగలదో చూపించారు. మాక్స్ రోచ్ డ్రమ్ములను స్వరభేదం స్పష్టంగా తెలిసేలా బిగించి, వాటి మీద దాదాపు రాగం పాడించారు. నేర్చుకునేవాళ్లు ఈ ముగ్గురి వాయింపూ వినాలి. చదివి తెలుసుకునేదానికన్నా చెవి ఇక్కడ ఎక్కువ నేర్పుతుంది.

మన దగ్గర దొరికేది చాలావరకు అయిదు డ్రమ్ముల మామూలు సెట్టు: 22 అంగుళాల బేస్, 12, 13 టామ్‌లు, 16 ఫ్లోర్ టామ్, 14 స్నేర్. దీనితోనూ పని జరుగుతుంది. 13 టామ్ తీసి పక్కన పెట్టాలి. ఆ 16 అంగుళాల ఫ్లోర్ టామ్‌నే పక్కకు పడుకోబెట్టి బేస్ డ్రమ్ముగా మార్చడం చాలామంది చేసే పని. దానికి మూడు అదనపు భాగాలు కావాలి. డ్రమ్ము దొర్లకుండా ముందువైపు రెండు కాళ్లు. పెడల్ సుత్తి స్కిన్ నడిమికి తగిలేలా డ్రమ్మును పైకెత్తే స్టాండు. పెడల్ బిగించే చోట ఇనుప రింగు నలగకుండా రబ్బరు ముక్క. స్టాండు లేకుండా నేల మీదే పెడితే సుత్తి పై అంచు దగ్గర తగులుతుంది. అప్పుడు ఎంత శ్రుతి చేసినా ‘టప్’ తప్ప నాదం రాదు. 18 అంగుళాల అసలు జాజ్ డ్రమ్ముకూ ఈ ఎత్తు సమస్య ఉంటుంది.

ఇక స్కిన్‌లు. పేరుకు స్కిన్ అంటున్నాం గానీ 1950ల మధ్య నుంచి ఇవి పాలిస్టర్ పొరలే. 1957లో మొదలైన రెమో కంపెనీతో దూడచర్మం దాదాపు పక్కకు తప్పుకుంది. జాజ్‌కు పైన వేయాల్సింది ఒకే పొర, పావు మిల్లీమీటరు మందం, పైన తెల్లటి గరుకు పూత ఉన్న రకం. రెమోలో కోటెడ్ అంబాసిడర్, ఎవాన్స్‌లో కోటెడ్ జీ1 ఈ తరగతివి. ఆ గరుకు అలంకారం కోసం కాదు. బ్రష్ తీగలు దాని మీద రాసుకుంటేనే ‘సర్’మనే సవ్వడి పుడుతుంది. నున్నటి పారదర్శక స్కిన్ మీద బ్రష్ జారిపోతుంది, మాట రాదు. రెండు పొరల స్కిన్‌లు, నడుమ నల్ల చుక్క ఉన్నవి, నూనె నింపినవి గట్టి దెబ్బల కోసం తయారైనవి. ఇక్కడ వాటికి పని లేదు. టామ్‌ల కింద కూడా పావు మిల్లీమీటరు ఒకే పొర చాలు. స్నేర్ అడుగున మాత్రం ఇంకా పల్చటిది, 0.08 మిల్లీమీటర్ల దగ్గరిది ఉండాలి. దాని మీద వేలితో కూడా గట్టిగా నొక్కకూడదు.

ముందు చెక్క అంచు చూడాలి

శ్రుతి నిలవడం లేదని స్కిన్ మీద స్కిన్ మార్చేవాళ్లు చాలాసార్లు అసలు జబ్బును వదిలేస్తారు. స్కిన్ ఆనే చెక్క అంచు సమతలంగా లేకపోతే ఏ స్కినూ సమంగా బిగదు. పరీక్షకు సమతలమైన పలక కావాలి. ఈ విషయంలో ప్రకాశం జిల్లా అదృష్టవంతురాలు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పాలిష్ ముక్కలు కటింగ్ యూనిట్ల దగ్గర వృథాగా పడి ఉంటాయి. 14 అంగుళాల దాకా ఉన్న స్నేర్, టామ్‌లకు 16 అంగుళాల చదరం, 18 అంగుళాల బేస్ డ్రమ్ముకు 20, 22 అంగుళాలదానికి 24 అంగుళాల చదరం ముక్క సరిపోతుంది. ముందు ఉక్కు స్కేలును అంచు మీద నిలబెట్టి నాలుగు దిక్కులా ఆనించి, స్కేలు కింద వెలుతురు కనబడని ముక్కను ఎంచుకోవాలి. వంటింటి గట్టుకు పాలిష్ చేసిన రాళ్లన్నీ సమతలంగా ఉండవు.

స్కిన్‌లు తీసేసిన షెల్‌ను, అంటే డ్రమ్ము చెక్క గుల్లను, దాని మీద బోర్లించి, గదిలో లైట్లు ఆర్పి, షెల్ లోపల టార్చి వెలిగించాలి. అంచు చుట్టూ ఎక్కడ వెలుగు తొంగిచూస్తే అక్కడ పల్లం ఉన్నట్టు. కాగితం దూరేంత సందు ఒకచోట ఉంటే ఫరవాలేదు. పోస్టుకార్డు దూరితే అంచు సరిచేయాలి. స్నేర్ అడుగువైపు రెండు ఎదురెదురు చోట్ల పల్లం కనబడటం తప్పు కాదు. తీగలు ఒదిగి కూర్చోవడానికి తయారీలోనే అలా తీస్తారు. అది తెలియక గరుకు కాగితంతో ఆ పల్లాలను చదును చేస్తే స్నేర్ ఇక ఎప్పటికీ గలగలలాడుతూనే ఉంటుంది.

చిన్న ఎత్తుపల్లాలకు అదే గ్రానైటు మీద 220 నంబరు గరుకు కాగితం పరిచి అతికించి, షెల్‌ను అదిమిపెట్టకుండా, దాని బరువుతోనే గుండ్రంగా పది పదిహేను చుట్లు తిప్పాలి. ప్రతి అయిదు చుట్లకూ షెల్‌ను పావువంతు మళ్లించి పట్టుకోవాలి, లేకపోతే చెయ్యి బరువు పడ్డవైపే అరుగుతుంది. తర్వాత 400 నంబరుతో నాలుగు చుట్లు. ఇలా రుద్దినప్పుడు అంచు మొన కాస్త చదునవుతుంది. అర మిల్లీమీటరు దాటి చదునైతే మొన మళ్లీ తీయడం వడ్రంగి రూటర్ పని, చేత్తో అయ్యేది కాదు. చివర్లో కొవ్వొత్తి మైనం పల్చగా రాస్తే స్కిన్ అంచు మీద జారి సమంగా కూర్చుంటుంది, చెక్కకు తేమ కూడా పట్టదు.

బోల్టుల విషయంలో ఒక హెచ్చరిక. ఎక్కువ డ్రమ్ములకు వాడేది 12-24 అనే అంగుళాల మర. ఒక బోల్టు పోయిందని లేతు షాపులో 6 మిల్లీమీటర్ల మర కోయించి బలవంతంగా ఎక్కిస్తే లగ్ (బోల్టు దిగే గూడు) లోపలి మర చెడుతుంది, ఆ తర్వాత అసలు బోల్టు కూడా పట్టదు. పాత బోల్టు నమూనా పట్టుకెళ్లి, సంగీత వాద్యాల దుకాణంలోనే తీసుకోవాలి.

బిగింపు

మృదంగం శ్రుతి చేసేవాళ్లను గమనించినవారికి ఈ పని కొత్తగా అనిపించదు. వాళ్లు అంచు అల్లిక మీద చుట్టూ రాయితో తడుతూ, ఒక్కొక్క చోటా వేలితో మీటి, అన్ని చోట్లా ఒకే స్వరం వచ్చేదాకా తిరుగుతారు. డ్రమ్ముకు రాయి బదులు బోల్టులు తిప్పే కీ. తేడా మరో చోట ఉంది. మృదంగం కుడివైపు నల్లటి కరణి పూత వల్ల దాని అనుస్వరాలు (మూలస్వరంతోపాటు మోగే పైస్వరాలు) మూలస్వరానికి సరైన గుణిజాల్లో పడతాయని సి.వి. రామన్ నిరూపించారు. ఉత్త పొరకు ఆ భాగ్యం లేదు. దాని మొదటి అనుస్వరం సిద్ధాంతం ప్రకారం మూలస్వరానికి 1.59 రెట్లు, తర్వాతది 2.14 రెట్లు. అవి ఏ శ్రుతిలోనూ ఒదగవు. అందుకే డ్రమ్ము స్వరం మృదంగమంత తేటగా వినబడదు. అందుకే బోల్టు దగ్గర తట్టినప్పుడు వినిపించే స్వరమూ, నడుమ కొట్టినప్పుడు వచ్చే స్వరమూ వేరు. ఫోన్లో శ్రుతి చూపే యాప్ పెట్టుకుని అంచు దగ్గర తట్టి, అదే డ్రమ్ము స్వరం అనుకోవడం వల్ల ఎన్నో సెట్లు చెడుతున్నాయి. అంచు స్వరాలు ఒకదానితో ఒకటి సరిపోల్చుకోవడానికి మాత్రమే. డ్రమ్ము స్వరం వినాలంటే దాన్ని గాలిలో వేలాడేలా పట్టుకుని నడుమ మెత్తగా కొట్టాలి.

కింది స్కిన్‌తో మొదలుపెట్టాలి. స్కిన్ పెట్టి, రింగు పెట్టి, అన్ని బోల్టులనూ వేళ్లతో తిరిగినంతవరకే తిప్పాలి. ఇక కీతో ఎదురెదురుగా: ఆరు బోల్టుల డ్రమ్ముకు 1–4, 3–6, 5–2. ఎనిమిదింటికి 1–5, 3–7, 2–6, 4–8. పది ఉన్న స్నేర్‌కు 1–6, 3–8, 5–10, 7–2, 9–4. ఒక్కో బోల్టుకు ఒక్క విడతకు అర చుట్టు మించకూడదు. పక్కపక్క బోల్టులు వరసగా బిగిస్తూ పోతే స్కిన్ ఒకవైపుకు లాగి, రింగు వాలిపోతుంది. దాన్ని తర్వాత ఎంత సవరించినా సమం కాదు. మొదటి అర చుట్టు అయ్యాక అరచేత్తో నడుమ అదమాలి. కొత్త స్కిన్ ‘పటపట’మంటుంది. అది అంచులోని జిగురు సర్దుకునే చప్పుడు, స్కిన్ చిరగడం కాదు. రెండో అర చుట్టు వేసి ఒక రాత్రి వదిలేస్తే మేలు. ఆ రాత్రి వదలకుండా కచేరీకి తీసుకెళ్తే రెండో పాటకే శ్రుతి దిగుతుంది.

మరునాడు పావు చుట్ల లెక్కన పైకి రావాలి. రెండో వైపు స్కిన్ మోగకుండా డ్రమ్మును జంపఖానా మీద పెట్టి, ప్రతి బోల్టుకూ ఎదురుగా రింగు నుంచి ఒక అంగుళం లోపల కర్ర కొసతో తట్టి వినాలి. తక్కువ పలికిన చోట ఎనిమిదో వంతు చుట్టు బిగించి, దాని ఎదుటి బోల్టు మళ్లీ వినాలి. ఒక చోట మార్చితే ఎదుటి చోట మారుతుంది. స్వరం ఎక్కువైతే అక్కడికక్కడే తగ్గించి ఆపకూడదు. అవసరం కన్నా కిందకు దించి, మళ్లీ పైకి వచ్చి ఆగాలి. దించి వదిలేసిన మర వాయిస్తుండగా ఇంకా దిగుతుంది. పైకి వచ్చి ఆగిన మర నిలుస్తుంది.

12 అంగుళాల టామ్‌కు మొదటి అంచనాగా వేళ్ల బిగువు నుంచి కింది స్కిన్ రెండు చుట్లు, పై స్కిన్ ఒకటిన్నర నుంచి ఒకటి ముప్పావు. షెల్‌నూ రింగునూ బట్టి ఇది మారుతుంది గాబట్టి ఈ అంకె ప్రయాణం మొదలుపెట్టే చోటే. కింది స్కిన్ పైదానికన్నా కాస్త ఎత్తులో ఉంచడమే జాజ్ టామ్ ప్రాణం. రెండూ ఒకే స్వరంలో ఉంటే నాదం అతిగా సాగుతుంది. కిందిది వదులైతే దెబ్బ తర్వాత స్వరం ‘డూం’ అని జారిపోతుంది. కిందిది ఒక మెట్టు ఎత్తులో ఉంటే స్వరం మొదటే తేల్చి చెప్పి, తగినంతసేపు నిలిచి ఆగుతుంది.

పైకి వెళ్లే కొద్దీ ఎంత బలం పడుతుందో కూడా తెలిసి ఉండాలి. స్వరం బిగువు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. షడ్జం నుంచి మధ్యమానికి ఎక్కించడానికి బిగువు 1.8 రెట్లు, పై షడ్జానికి నాలుగు రెట్లు కావాలి. అందుకే ఒక స్థాయి దాకా తేలిగ్గా ఎక్కిన టామ్ ఆ పైన మొండికేసి గొంతు నులిమినట్టు ‘టిక్’మంటుంది. అక్కడిదాకా వెళ్లినవాళ్లు రెండు స్కిన్‌లూ ఒక చుట్టు పూర్తిగా వదులు చేసి మళ్లీ రావడమే దారి.

శ్రుతిపెట్టెతో స్వరాలు

జాజ్ డ్రమ్ములకు శాస్త్రంగా నిర్ణయించిన స్వరాలేమీ లేవు. డ్రమ్ముల మధ్య దూరం తేటగా ఉండాలన్నదే అసలు విషయం. మనకు శ్రుతిపెట్టె లేదా హార్మోనియం అందుబాటులో ఉంటుంది కాబట్టి ఇలా చేయవచ్చు. నాలుగో శ్రుతి, అంటే ఎఫ్, పట్టుకోవాలి. 18 అంగుళాల బేస్ డ్రమ్ము మంద్ర షడ్జం, 87 హెర్ట్జ్. 14 అంగుళాల ఫ్లోర్ టామ్ దాని పంచమం, 131. 12 అంగుళాల టామ్ పై షడ్జం, 175. ఈ స–ప–స కూర్పులో ఫ్లోర్ టామ్ నుంచి చిన్న టామ్‌కు దూరం ప నుంచి పై స అవుతుంది, పాశ్చాత్యులు ఫోర్త్ అనే దూరం. చాలామంది జాజ్ డ్రమ్మర్లు టామ్‌ల మధ్య వెతికేది దీన్నే. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది పట్టుకోవడం చాలా తేలిక. ఫోన్ యాప్ కన్నా శ్రుతిపెట్టె వినిపిస్తూ కొట్టడమే మంచిది.

22 అంగుళాల బేస్ డ్రమ్మును 87 దాకా లాగకూడదు. 65 హెర్ట్జ్ దగ్గర, ఫ్లోర్ టామ్‌కు సరిగ్గా కింది స్థాయి పంచమంగా ఆపితే అదే కూర్పులో ఇముడుతుంది. పాటపాటకూ శ్రుతి మారినప్పుడు డ్రమ్ములు మార్చనక్కర్లేదు. వాటి స్వరం అంత నిర్దిష్టం కాదు గనుక గాయకుడితో గొడవ రాదు.

బేస్ డ్రమ్ము

ఇక్కడే ఎక్కువ మంది వెనకాడతారు, ఇక్కడే ఎక్కువ ఫలితం ఉంది. దిండు తీసేయాలి. ముందు స్కిన్ కన్నం లేనిదిగా మార్చాలి. కన్నం ఉంటే దెబ్బ గాలి అటు పోతుంది, ముందు స్కిన్‌కు పని ఉండదు. కన్నం లేకపోతే లోపలి గాలి రెండు స్కిన్‌లనూ జతచేస్తుంది, మెత్తని దెబ్బకు కూడా ముందు స్కిన్ పలుకుతుంది. షెల్‌కు ఉన్న చిన్న గాలిరంధ్రాన్ని మాత్రం ఎప్పుడూ మూయకూడదు.

పూర్తిగా తెరిచిన డ్రమ్ము మొదట్లో చెవికి మితిమీరినట్టే ఉంటుంది. దాన్ని అదుపు చేయడానికి పాత పద్ధతి ఒకటుంది: రెండున్నర అంగుళాల వెడల్పు ఫెల్టు పట్టీని కొట్టే స్కిన్ వెనక, అంచుకూ నడిమికీ మధ్యగా అడ్డంగా సాగదీసి, రెండు కొసలూ స్కిన్ అంచు కింద ఇరికించి బిగించడం. దర్జీ దగ్గర దొరికే మందపాటి ఉన్ని గుడ్డ పట్టీ కూడా పనిచేస్తుంది. అది స్కిన్‌కు బిగుతుగా ఆనాలి, వదులైతే కొట్టినప్పుడల్లా గరగరమంటుంది. ముందు స్కిన్‌కు ఏమీ పెట్టకూడదు. ముందుది వెనకదానికన్నా కాస్త ఎత్తు స్వరంలో ఉండాలి. సుత్తి చెక్కది, ప్లాస్టిక్‌ది కాకుండా మెత్తని ఫెల్టుది వాడాలి. కొట్టాక సుత్తిని స్కిన్ మీదే నొక్కిపెట్టే అలవాటు ఉంటే ఈ శ్రమంతా వృథా. తగలగానే వెనక్కి రావాలి. ఈ అలవాటు మార్చుకోవడం శ్రుతి చేయడం కన్నా ఎక్కువ రోజులు పడుతుంది.

స్నేర్

అడుగు స్కిన్ సెట్టు మొత్తంలో అన్నిటికన్నా బిగువుగా ఉండాలి. తీగలు పక్కకు తప్పించి అంచు దగ్గర తట్టితే 380–400 హెర్ట్జ్ దగ్గర వస్తే తీగలు చురుగ్గా స్పందిస్తాయి. పై స్కిన్ 300–330 దగ్గర ఉంటే కర్రకూ బ్రష్‌కూ రెండింటికీ ఒదుగుతుంది. ఇంకా బిగిస్తే కర్రకు బాగానే ఎగురుతుంది గానీ బ్రష్ గీత పల్చబడుతుంది. తీగలు 20 పోగులవి చాలు. తీగలను స్కిన్‌కు ఆనించే లీవరు వేసి, మెల్లగా వేలితో తడుతూ, గలగల ఆగే చోటు దాకా బిగించి, ఆ పైన పావు చుట్టు మాత్రమే. తీగలు మరీ బిగిస్తే మెత్తని దెబ్బలు నోరు మూసుకుంటాయి. జాజ్‌లో ఎడమ చేతి మాటంతా ఆ మెత్తని దెబ్బల్లోనే ఉంటుంది. ఆ మాటను పోగొట్టుకోవడం పెద్ద నష్టం.

టామ్ కొడితే స్నేర్ తీగలు తమంతట తాము జుమ్మనడం అందరికీ ఎదురయ్యే ఫిర్యాదు. టామ్ స్వరమూ స్నేర్ ఏదో ఒక స్కిన్ స్వరమూ కలవడమే కారణం. టామ్‌ను అర మెట్టు ఇటు గానీ అటు గానీ జరపడం మొదటి ఉపాయం. చాలకపోతే స్నేర్ అడుగున తీగల కొసలకు ఇరువైపులా ఉన్న నాలుగు బోల్టులను పావు చుట్టు వదలాలి. కొంచెం జుమ్మనడం ఎప్పటికీ ఉంటుంది, పాత జాజ్ రికార్డుల్లోనూ వినబడుతుంది. దాన్ని పూర్తిగా చంపాలని తీగల మీద టేపు వేయడం సరికాదు.

నాదాన్ని మింగేసేవి

చవక సెట్లలో టామ్‌ను మోసే ఇనుప గొట్టం షెల్ లోపలికే దిగుతుంది. అది షెల్‌ను బిగబట్టి నాదాన్ని సగం తినేస్తుంది. ఆ టామ్‌ను గొట్టం నుంచి తీసి, స్నేర్ స్టాండు మీద, పట్టీలు గట్టిగా బిగించకుండా కూర్చోబెట్టి ఒకసారి వినాలి. తేడా చిన్నది కాదు. ఫ్లోర్ టామ్ కాళ్ల రబ్బర్లు ఎండి గట్టిపడి ఉంటే గచ్చు నేల నాదాన్ని లాగేస్తుంది. పాత హవాయి చెప్పు అడుగు నుంచి కోసిన మెత్తని ముక్కలు మూడు కాళ్ల కింద పెడితే ఆ డ్రమ్ము మళ్లీ ఊపిరి తీసుకుంటుంది.

‘వావ్ వావ్’ మని ఊగే నాదం వస్తే ఒక బోల్టు మిగతావాటికన్నా తప్పింది అని అర్థం. ఒక బోల్టు వదులుగా ఉన్నా అక్కడ స్వరం ఎక్కువగానే పలుకుతుంటే రింగు వంగింది. రింగును గ్రానైటు మీద పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎక్కడి నుంచో ‘కిర్’మనే శబ్దం పాత లగ్‌ల లోపలి స్ప్రింగులది కావచ్చు. లగ్ విప్పి దూది కూరితే ఆగుతుంది.

టైల్సు నేల, కాంక్రీటు కప్పు ఉన్న హాల్లో తెరిచిన టామ్‌లు అతిగా మోగుతాయి. అప్పుడు కూడా ప్లాస్టరు వరసలు వద్దు. దూది గాజుగుడ్డను రెండు అంగుళాల మడత పెట్టి, ఒక్క అంచు మాత్రమే టేపుతో రింగుకు అతికిస్తే, దెబ్బకు ఆ మడత ఎగిరి మళ్లీ వాలుతుంది. డ్రమ్ము మొదట పూర్తిగా పలికి, తర్వాత నెమ్మదిస్తుంది. ఫ్లోర్ టామ్‌కు ఒకటి చాలు. సౌండ్ సిస్టం వాళ్లు మైకు పెట్టడానికి బేస్ డ్రమ్ముకు కన్నం అడుగుతారు. అక్కర్లేదు. ముందు స్కిన్‌కు అయిదారు అంగుళాల దూరంలో, నడిమికి కాస్త పక్కగా మైకు పెడితే డ్రమ్ము గొంతు మొత్తం వస్తుంది. చిన్న హాలైతే సెట్టు మొత్తానికీ తల ఎత్తున పైన ఒక మైకు, బేస్ డ్రమ్ముకు ఒకటి చాలు.

ఎండ, వాన, ఉప్పు

డప్పు కాచి బిగువు తెచ్చే ఊళ్లు మనవి. మంట సెగకు చర్మంలో తేమ ఆరి, ముడుచుకుని, స్వరం లేస్తుంది. ఆ అనుభవంతో డ్రమ్ములను కూడా ఎండలో పెట్టేవాళ్లున్నారు. పాలిస్టర్ తీరు వేరు. అది వేడికి సాగుతుంది, స్వరం దిగుతుంది. మే నెలలో ఆటోలో గంటసేపు ఎండకు వచ్చిన సెట్టును దించగానే బిగిస్తే, ఏసీ హాల్లో చల్లబడ్డాక స్వరం అనుకున్నదానికన్నా పైకి పోతుంది. హాల్లో అరగంట ఉంచిన తర్వాతే కీ పట్టుకోవాలి.

వానలు స్కిన్‌ను ఏమీ చేయవు, చెక్కను చేస్తాయి. నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఆ నెలల్లో రంగు వేయని షెల్ లోపలివైపు తేమ పీల్చి కొద్దిగా ఉబ్బుతుంది. జనవరిలో గాలి ఆరాక తిరిగి తగ్గుతుంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లు, వానల ముందూ తర్వాతా, అన్ని బోల్టులూ మళ్లీ విని సరిచేయాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో అసలు శత్రువు ఉప్పుగాలి. ముందుగా పోయేవి స్నేర్ తీగలు, తర్వాత బోల్టులు. నెలకోసారి ఒక్కొక్క బోల్టునే విప్పి, పాత టూత్ బ్రష్‌తో మర తుడిచి, మినపగింజంత పెట్రోలియం జెల్లీ రాసి, విప్పిన చుట్లు లెక్కపెట్టుకుని అంతే బిగించాలి. అన్నీ ఒకేసారి విప్పితే శ్రుతి మొత్తం మొదటికి వస్తుంది. కొబ్బరినూనె వద్దు. చలికాలపు తెల్లవారుజామున గడ్డకట్టి, దుమ్ము పట్టి, మరను జిగురు చేస్తుంది. స్నేర్ తీగలకు జెల్లీ కూడా రాయకూడదు. పొడి గుడ్డతో తుడిచి, వాయించనప్పుడు లీవరు వదిలి, సంచిలో సిలికా పొట్లాలు రెండు వేసి ఉంచాలి. తుప్పు చుక్కలు పడ్డ తీగలు ఒక్కొక్కటిగా సాగి మెలితిరుగుతాయి. మెలితిరిగిన పోగులు ఒకటి రెండైతే చిన్న కటింగ్ ప్లేయరుతో మొదట్లోనే కత్తిరించి వాడుకోవచ్చు. మూడోది వంగితే సెట్టు తీగలన్నీ మార్చాలి.